ఫోనులోని నంబర్లు మనవి మాత్రమే కావు

(అమలాపురంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, బకాయిల గురించి పూర్వ వక్తలు సవివరంగా మాట్లాడారు. నాకిచ్చిన విషయం చిన్నదిగానే కనబడుతుంది. సెల్‌ఫోనులో కొత్త యాప్ వేసుకున్నప్పుడు, మీ కాంటాక్టులు చూడటానికి అనుమతిస్తారా అని ఒక ప్రశ్న వస్తుంది. చాలామంది చదవకుండానే 'అలౌ' నొక్కేస్తున్నారు. సర్వీసులో ఫైలు చదవకుండా సంతకం పెట్టని వారు కూడా! (పెట్టిన వారి సంగతి ఇక్కడ ఎందుకు లెండి.)

పూర్వం టెలిఫోను పక్కన ఒక నంబర్ల డైరీ ఉండేది. దారిన పోయేవాడు అడిగితే అది చేతికిచ్చేవారమా? ఇప్పుడు ఆ డైరీ ఫోనులో ఉంది. అమెరికాలో అబ్బాయి, కువైట్‌లో మేనకోడలు, వియ్యంకుల వారు, కొబ్బరికాయల వ్యాపారి, మందులిచ్చే డాక్టరు గారు, అందరూ అందులో ఉన్నారు. ఆండ్రాయిడ్ ఫోనులో 'అలౌ' అంటే సాధారణంగా ఆ జాబితా మొత్తం ఇచ్చినట్లే. నొక్కేది మనం. మరి మిగతా వారిని అడిగిందెవరు?

దీనివల్ల నష్టమేమిటని కొందరు మిత్రులు అడుగుతున్నారు. మన గోదావరికి ఆవలి గట్టునే, రాజమహేంద్రవరంలో 2022 సెప్టెంబరులో ఒక యువ దంపతులు ఆత్మహత్య చేసుకున్నారు. యాప్‌లో తీసుకున్న అప్పు తీర్చలేకపోతే, మార్ఫింగ్ చేసిన ఫొటోలు బయట పెడతామని బెదిరించారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు అనాథలయ్యారు. అంతకుముందే, 2020 డిసెంబరులో, హైదరాబాదు పోలీసులు ఇటువంటి యాప్‌ల కాల్‌సెంటర్లపై దాడులు జరిపి పలువురిని అరెస్టు చేశారు. వీరి పద్ధతి ఒకటే. అప్పు ఇచ్చేముందు కాంటాక్టులు తీసుకోవడం, బాకీ పడితే బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీయడం. అప్పు మనవడు చేసినా, పరువు కోసం భయపడేది తాతగారే. అందుచేత ఇంట్లోని పిల్లలు కూడా ఈ మాట వినాలని కోరుచున్నాను.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టుల జాబితాను, కాల్ వివరాలను, ఫొటోల ఫైళ్లను ముట్టరాదు. 2025 మే నెలలో వెలువడిన ఆదేశాలలోనూ ఆ నిబంధన అలాగే ఉంది. గూగుల్ ప్లే స్టోరు కూడా 2023 మే 31 నుంచి అప్పుల యాప్‌లకు ఇదే నిషేధం పెట్టింది. కనుక అప్పిస్తామంటూ కాంటాక్టులు అడిగితే, అది నిబంధనకు విరుద్ధమని అక్కడే తెలిసిపోతుంది. ఇక వాట్సాప్‌లో ఎవరో పంపే ఏపీకే ఫైలు ప్లే స్టోరు గుమ్మం తొక్కనే తొక్కదు. బ్యాంకు పేరుతో వచ్చినా, పెన్షను పేరుతో వచ్చినా దానిని తెరవవద్దు.

ఇప్పటికే ఇచ్చిన అనుమతులు తీసివేయవచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్, అందులో కాంటాక్ట్స్. కొన్ని ఫోన్లలో ఈ పేర్లు కొద్దిగా మారతాయి. అక్కడ ఏయే యాప్‌కు అనుమతి ఉందో జాబితా కనబడుతుంది. అక్కరలేని దానిపై నొక్కి 'డోంట్ అలౌ' పెట్టండి. వాట్సాప్‌కు ఉంచుకోవచ్చు. లేకపోతే పేర్లకు బదులు నంబర్లు కనబడి ఇబ్బందవుతుంది. లైఫ్ సర్టిఫికెట్‌కు ముఖం చూపడానికి కెమెరా అడగడం సబబే. పేకాట యాప్‌కు మన వియ్యంకుల నంబరుతో పనేమిటి? ఐఫోనులో 2024 నుంచి కొన్ని పేర్లు మాత్రమే ఎంచి ఇచ్చే వీలుంది.

అయితే ఒక మాట. ఈరోజు అనుమతి తీసివేసినా, యాప్‌నే తొలగించినా, అంతకుముందు వెళ్లిపోయిన నంబర్లు తిరిగి రావు.

ఎవరైనా బెదిరిస్తే డబ్బు కట్టకండి, ఇంట్లో దాచకండి. వచ్చిన సందేశాలు చెరపకుండా ఉంచి, 1930 నంబరుకు ఫోను చేసి, దగ్గరలోని పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. ముందుగా బంధువులకు మీరే చెప్పేస్తే, వాడి చేతిలో బెదిరించడానికి పెద్దగా మిగలదు.

భోజనాలకు ఇంకా అరగంట వ్యవధి ఉన్నదని కార్యదర్శి గారు అంటున్నారు. ఫోన్లు తెచ్చుకున్న వారు ఈ పక్క బల్ల వద్దకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం. సెలవు.