రికార్డు ఉంది, క్వెరీకి దొరకదు

మాది నాగాయలంక, చుట్టూ రొయ్యల చెరువులే. అందుకే ఉదాహరణ కూడా అక్కడిదే.

అప్పట్లో ఒక మేత కంపెనీకి శాప్ రిపోర్టులు రాసేవాణ్ణి. ఓ సాయంత్రం డీలర్ ఫోన్: "బాబూ, డబ్బు కట్టేశాను కదా, లోడెందుకు ఆపారు? చెరువు కాడ రేపటికి మేత లేదు."

నా రిపోర్టులో ఆయన కస్టమర్ నంబర్ 4521 కొట్టాను. ఒక్క వరుసా రాలేదు. ఎస్ఈ16లో చూస్తే పేమెంట్ కళ్లముందే ఉంది! గంటసేపు ఆథరైజేషన్లని అనుమానించాను, వేస్ట్.

శాప్‌లో కస్టమర్ నంబర్ ఫీల్డ్ 10 అక్షరాలు. లోపల దాచుకునేది 0000004521. తెరమీద ముందు సున్నాలు తీసేసి చూపిస్తుంది, దాన్ని ఆల్ఫా కన్వర్షన్ అంటారు. సెలెక్ట్‌కి ఇవేం పట్టవు, అక్షరాలు సరిపోవాలంతే. ఎర్రర్ కూడా రాదు, అదే దీంతో గొడవ. ఖాళీ రిపోర్టు చూసి క్రెడిట్ వాళ్లు డబ్బు రాలేదనుకున్నారు.

తప్పు నాదే. ఇన్‌పుట్ ఫీల్డ్‌ని మామూలు క్యారెక్టర్ టైపులో పెట్టాను. కేయూఎన్ఎన్ఆర్ టైపు ఇచ్చుంటే సున్నాలు శాపే చేర్చుకునేది. ఆ ఒక్క లైన్ మార్చాను, పేమెంట్ కనిపించింది.

లోడు రాత్రే బయల్దేరింది. డీలర్‌కి మాత్రం ఈ సున్నాల కథ చెప్పలేకపోయాను, "సిస్టమ్ ప్రాబ్లం అండీ" అనేశాను.