చెయ్యి పడిపోయినవాడికి గడువుంది

ఈ రోజుతో డాక్టర్లయిన మీకు అభినందనలు.

దెబ్బతిన్న నరాలకు ఆపరేషన్లు చేయడం నా వృత్తి. ఆ పనిలో నన్ను బాధపెట్టే ఒక్క విషయమే మీకు చెబుతాను.

బైకు మీంచి ఎగిరిపడ్డ కుర్రవాడి తల ఒకవైపు, భుజం మరోవైపు విరుచుకుపోతాయి. చేతికి వెళ్ళే ఐదు నరాల వేర్లు మెడలో అల్లుకున్న బ్రేకియల్ ప్లెక్సస్ సాగిపోతుంది, లేదా తెగుతుంది, ఒక్కోసారి వెన్నుపాము నుంచే ఊడొస్తుంది. విరిగిన ఎముకలా ఇది ఎక్స్‌రేలో కనబడదు. కాలికి రాడ్డు వేస్తారు, తలకు స్కాన్ తీస్తారు, వేలాడే చేతిని మాత్రం మెడకు కట్టి, "అదే వస్తుందిలే" అని పంపేస్తారు. నరం నలిగి ఊరుకుంటే నిజంగానే వస్తుంది. రానివాళ్ళు ఏడాది దాటాక మా దగ్గరికొస్తారు.

అప్పటికి ఏం జరుగుతుందో చూడండి. దెబ్బతిన్న నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది. మెడ నుంచి అరచేతికి 70 సెంటీమీటర్లనుకుంటే దాదాపు రెండేళ్ళ ప్రయాణం. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నరలో చచ్చుబడిపోతుంది. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలే మాకు అసలైన అవకాశం.

ఆ గడువులో వస్తే చేయగలిగింది చాలా ఉంది. వేరు ఊడినచోట కుట్టడానికి ఏమీ మిగలదు, నిజమే. కానీ 1994లో ఫ్రెంచి సర్జన్ ఒబెర్లిన్ చూపిన పద్ధతిలో, పిడికిలికి తోడ్పడే, ఇంకా పనిచేస్తున్న అల్నార్ నరంలోంచి ఒక చిన్న పాయ తీసి మోచెయ్యి మడిచే కండరానికి కలుపుతాం. మొదట్లో రోగి పిడికిలి బిగిస్తేనే మోచెయ్యి కదులుతుంది. సాధన చేస్తూ పోతే పిడికిలి సంగతి మరిచి చెయ్యి ఎత్తుతాడు. అన్నం ముద్ద మళ్ళీ నోటిదాకా వెళ్ళడం ఎంత గొప్ప విషయమో ఆ మనిషి తల్లిని అడగండి.

కష్టమైన కాన్పులో భుజం ఇరుక్కున్న పసివాళ్ళదీ ఇదే కథ. చాలామంది వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటారు. మూడు నెలలు నిండినా మోచెయ్యి మడవని బిడ్డను మాత్రం ఆలస్యం చేయకుండా సర్జన్ దగ్గరికి పంపాలి.

రేపు మీరు క్యాజువాలిటీలో నిలబడతారు. ప్రాణాపాయం తప్పాక, భుజం ఎత్తమనండి, మోచెయ్యి మడవమనండి, మణికట్టు లేపమనండి, వేళ్ళు విప్పమనండి. ఏది రాలేదో తేదీ వేసి కేసు షీటులో రాయండి. కొన్ని వారాల్లో మళ్ళీ చూడండి. కదలిక లేకపోతే నరాల సర్జన్ దగ్గరికి వెంటనే పంపండి.