ఎపిసోడ్ పాఠం: గ్రాఫిక్స్ కార్డు వేడి ఎక్కడికి పోతుంది?

గేమింగ్ పీసీల గురించి చాలామంది అడుగుతున్నారు కదా, ఈసారి మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. మావాడు ఏడాదిన్నర దాచుకున్న డబ్బుతో పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొన్నాడు. వారం తిరక్కుండానే ఫ్యాన్లు హోరెత్తడం, ఆట మధ్యలో స్క్రీన్ నల్లబడిపోవడం మొదలైంది. "కార్డు పాడైంది నాన్నా" అన్నాడు. నేనూ నమ్మేశాను. రిటర్న్ చేద్దామని బయటికి తీశాం.

చేత్తో పట్టుకుంటే తెలిసింది, ఆ బరువంతా దాదాపు కూలరే అని. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090నే తీసుకోండి. దాని చిప్ 608 చదరపు మిల్లీమీటర్లు, అంటే మన క్వార్టర్ కాయిన్ కంటే కాస్త పెద్దది. కార్డు మొత్తం లాగే కరెంటు 450 వాట్లు, అందులో ఎక్కువ భాగం ఆ కాస్త చోటే వేడిగా మారుతుంది. ఆ వేడిని లాగడానికే మూడు స్లాట్ల మందాన అల్యూమినియం రేకులు, రాగి గొట్టాలూ.

ఆ గొట్టాలు నాకు భలే నచ్చాయండి. లోపల గాలి తీసేసి, కాసిన్ని నీళ్ళు ఉంచి మూసేస్తారు. గాలి లేదు కాబట్టి నీళ్ళు వంద డిగ్రీలు రాకుండానే మరుగుతాయి. చిప్ దగ్గర ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ నీరవుతాయి. వెనక్కి తేవడానికి పంపు ఉండదు. లోపలి గోడకి అతికించిన రాగి పొడి, ప్రమిదలో వత్తి నూనెని లాగినట్టు, నీటిని లాక్కొస్తుంది. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ ఇలాంటివి చేసింది అంతరిక్షం కోసం. ఇప్పుడు మావాడి ఆటల కోసం.

అయితే ఇదంతా వేడిని జరపడమే, పోగొట్టడం కాదు. రేకుల్లోంచి వచ్చిన వేడిగాలి కేస్ దాటి బయటికి పోవాలి. మా కేస్ ఎక్కడుందయ్యా అంటే, టేబుల్ కింద తలుపున్న అరలో. వెనక చెక్క. వదిలిన వేడిగాలినే కార్డు మళ్ళీ పీలుస్తోంది. కార్డు మొదట వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ లాభం లేకపోతే ఆగిపోతుంది. వైర్లు కనబడకూడదని అందులో పెట్టించింది నేనే. మావాడికి సారీ చెప్పుకున్నాను.

కార్డు మళ్ళీ బిగించి కేస్ బయటపెట్టాం. 90 దగ్గర తచ్చాడే అంకె 72కి దిగింది. కానీ గది వేడెక్కింది! 450 వాట్లంటే గంటకి సుమారు 1,535 బీటీయూలు. 5,000 బీటీయూల చిన్న విండో ఏసీలో మూడోవంతుకి దగ్గర. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090ని ఎన్‌విడియా రెండు స్లాట్లకే కుదించింది, సర్క్యూట్ బోర్డుని మధ్యలో చిన్నగా పెట్టి, గాలి రెండు వైపులా ఆరపార పోయేట్టు. గొప్ప పనే. వేడి మాత్రం 575 వాట్లు, అదీ గదిలోకే.

అందుకని మావాడు ఇప్పుడు తలుపు బార్లా తీసి ఆడుతున్నాడు. వాడి అరుపులు ఇంటిల్లిపాదికీ వినబడుతున్నాయి.