ఆచార్య రంగా: బోధన నుండి ప్రజాజీవితానికి



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన తెలుగు పాఠశాలకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతూ ఉంటుంది. "బజారులో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు, ఇక తెలుగు చదువు దేనికి?" అని తల్లిదండ్రులు అడుగుతారు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం చేసి, ఒకటవ తరగతి మొదలు ఏటేటా తమిళాన్ని నిర్బంధ పాఠ్యాంశం చేసిన తరువాత ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. ఈ నేలపై బ్రతికే బిడ్డకు తమిళం రావలసిందే. అందులో వివాదం లేదు. తెలుగు కూడా ఎందుకు ఉండాలన్న దానికి ఒక ఆర్థికశాస్త్ర ఉపన్యాసకుని జీవితంలో సమాధానం దొరుకుతుంది. ఆయనే ఆచార్య ఎన్.జి. రంగా.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం అభ్యసించి, 1926లో బి.లిట్. పట్టం పొందారు. స్వదేశానికి తిరిగి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆర్థికశాస్త్ర ఆచార్యులైరి. ఆనాడు గుంటూరు, కోయంబత్తూరు, మధుర అన్నీ ఒకే మద్రాసు రాజధానిలోని జిల్లాలు. అందుచేత ఆయన పరిశీలనకు ఒక భాషాప్రాంతం హద్దు కాలేదు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో అంతకుముందే ఒక మంచి సంప్రదాయం ఏర్పడి ఉన్నది. ఆర్థికశాస్త్ర ఆచార్యులు గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థులను వారి వారి గ్రామాలకే పంపి, భూమి, అప్పు, కూలి, పంట వివరాలు సేకరింపజేశారు. ఆ నివేదికలు 1918లో గ్రంథంగా వెలువడ్డాయి. రంగా సైతం గ్రామ ఆర్థిక వ్యవస్థపై గ్రంథరచన చేశారు. 1930లో దక్షిణ భారత చేనేతవారి సాంఘిక, ఆర్థిక స్థితిగతులను గూర్చిన ఇంగ్లీషు గ్రంథం ప్రకటించారు.

ఆ గ్రంథ విషయం కోయంబత్తూరు, మధుర వాసులకు పరాయిది కాదు. కోయంబత్తూరు సీమలోని దేవాంగులు, మధురలోని సౌరాష్ట్రులు తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకున్నవారు. సౌరాష్ట్రుల భాషలో తెలుగు పలుకులు ఎన్నో కలిసి ఉన్నాయి. నేతగాని కష్టానికి మూలం చాలావరకు లెక్కలో ఉన్నది. షావుకారు నూలు ఇస్తాడు, ముందుగా కొంత రొక్కమూ ఇస్తాడు. బట్ట నేసి అప్పగించినప్పుడు బాకీ మినహాయించి కూలి చెల్లిస్తాడు. బాకీ తీరనంతకాలం నేతగాడు వేరొకరికి నేయలేడు. కూలి ఎంతని బేరమాడలేడు. నేర్పు ఎంత ఉన్నా ధర నిర్ణయించే అధికారం అతని చేతిలో లేదు. ఈ చిక్కును విడదీయడానికే సహకార సంఘాలు వచ్చాయి. నేడు కోఆప్టెక్స్ అని పిలువబడే సంస్థ 1935లో ఏర్పడినది.

కోయంబత్తూరులో మరొక మార్గమూ కనిపిస్తుంది. అక్కడి తెలుగు రైతు కుటుంబాలు నల్లరేగడిలో ప్రత్తి పండించి, ఆ ప్రత్తిని వడికే మిల్లులకు యజమానులైనాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించారు. పి.ఎస్.జి. సోదరులు 1926లో తమ ఆస్తిలో ఒక భాగాన్ని ధర్మసంస్థకు కేటాయించి విద్యాలయాలకు పునాది వేశారు. ఒకే ప్రత్తి ఒక ఇంట సంపద అయినది, మరొక ఇంట బాకీగా మిగిలినది. ఎందుకిట్లు జరుగుతుందని అడగడమే ఆర్థికశాస్త్రం. దానికి ప్రభుత్వం ఏమి చేయవలెనన్నదే ప్రజావిధానం.

1930లో రంగా కళాశాల ఉద్యోగాన్ని విడిచి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు. బోధనను మాత్రం విడువలేదు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నెలకొల్పి, గ్రామీణ యువకులకు ఆర్థిక, రాజకీయ విషయాలు బోధించారు. ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషున నేర్చిన భూమిశిస్తు, వడ్డీ, ధరల సిద్ధాంతాలు అక్కడ రైతు మాటల్లోనికి రావలసి వచ్చాయి. అట్లా రాగలిగినప్పుడే ఆ విద్య రైతుకు ఆయుధమైనది. కళాశాలలో ఆయన పనిచేసినది కొద్ది సంవత్సరాలే. అయినను ప్రజలు ఆయనను కడవరకు "ఆచార్య" అనే పిలిచారు.

ఆయన అభిప్రాయాలను అందరూ అంగీకరించలేదు. 1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో ఒకరైన ఆయన, 1959లో ఉమ్మడి సేద్యపు ప్రతిపాదనను వ్యతిరేకించి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నెలకొల్పారు. భూమి రైతు చేతిలోనే ఉండాలన్నది ఆయన వాదన. భూమి లేని కూలీల మాటేమని ప్రశ్నించినవారూ ఉన్నారు. ఆ వాదప్రతివాదాలు తెలుగు పల్లెల రచ్చబండలపై తెలుగులోనే సాగాయి. 1995లో ఆయన పరమపదించిన తరువాత ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

తల్లిదండ్రుల ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉన్నది. తెలుగు పండుగనాటి పద్యానికి, పెండ్లిపత్రికకు మాత్రమే పరిమితమైతే వారి సందేహమే నిజమవుతుంది. ఇంట్లో మాట్లాడే భాషలో ఇంటి బాకీని, కూలిని, పన్నును అర్థం చేసుకోగల బిడ్డకు తమిళమైనా ఇంగ్లీషైనా ఆ తెలివి మీదనే నిలుస్తుంది. మధుర నాయకరాజుల కాలంలో ఈ సీమలోనే తెలుగు వచనం వికసించినది. ఆ వచనానికి నేటి లెక్కలను మోయగల శక్తి లేకపోలేదు.

కావున పూర్వ విద్యార్థులకు ఈ జూబిలీ ఒక విన్నపం చేస్తున్నది. మిల్లులలో, బ్యాంకులలో, అంగళ్ళలో, పొలాల్లో పనిచేసినవారు ఏడాదికి ఒక్క పూట తరగతి గదికి రావాలి. నూలు ధర ఎట్లా పెరుగుతుందో, అప్పుపత్రంలో ఏమి వ్రాసి ఉంటుందో పిల్లలకు తెలుగులో చెప్పాలి. చందా కంటె అది పెద్ద కానుక.