పరదేశమున మన విద్యార్థి: నివాసపు గడువు



గుంటూరు తెనాలి రైలుమార్గమునందలి సంగం జాగర్లమూడి వంటి గ్రామములనుండియు నేడు పిల్లలు అమెరికా చదువులకు పోవుచున్నారు. 2023-24 విద్యాసంవత్సరమున ఆ దేశపు విద్యార్థుల లెక్కలో భారతీయులు 3,31,602 మంది. పరదేశీయులందఱిలో మనవారే అధికులు. మాగాణి తాకట్టుపెట్టి కుమారుని పంపు తండ్రులు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: “వీసా ఐదేండ్లకిచ్చినారు గదా, ఐదేండ్లును అచ్చట ఉండవచ్చునా?” దీనికి సమాధానము చెప్పుటయే నా ఉద్దేశము.

వీసా యనునది ఆ దేశపు వాకిట నిలిచి లోనికి రానిండని యడుగుటకు గల అనుమతి మాత్రమే. లోపల ఎంతకాలము ఉండవచ్చుననునది వేఱు లెక్క. కాలువకు నీరు వదలు తేదీ యొకటి, పైరు కోతకు వచ్చు తేదీ మఱియొకటి గదా!

2025 వరకు నడచిన పద్ధతి యిది. విద్యార్థి ప్రవేశపత్రముపై తేదీ వేయక, “డి/ఎస్” అని వ్రాయుదురు. విద్యార్థిగా నున్నంత కాలము ఉండవచ్చునని దాని భావము. కళాశాల యిచ్చు ఐ-20 పత్రమున చదువు ముగియు తేదీ యుండును. చదువు సక్రమముగా సాగుచుండగా వీసా తేదీ దాటినను భయము లేదు; స్వదేశము వచ్చి మరల పోవలయునన్న మాత్రము క్రొత్త వీసా కావలయును. చదువు మానినచో, వీసాకు మూడేండ్లు మిగిలియున్నను అది కాపాడదు.

చదువు పూర్తియైన పిదప 60 దినముల వ్యవధి యిత్తురు. చదివిన విద్యకు సంబంధించిన ఉద్యోగము చేయుటకు ఓ.పి.టి. యను అనుమతి 12 నెలలు. విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగు, గణితములు చదివినవారికి మఱి 24 నెలలు. కాని మొదటి 12 నెలలలో మొత్తము 90 దినములకు మించి ఉద్యోగము లేక యుండరాదు. కావున అప్పు తీర్చు లెక్కలో ఈ మూడేండ్ల జీతమును చేతికందినట్లే వేసికొనరాదు.

పత్రమున్నచో చాలునని నమ్మి చెడినవారిలో తెలుగువారు కలరు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమును అధికారులు మూయించిరి. అందలి విద్యార్థులలో ఆంధ్రులు పెక్కురు. కొందఱి కాళ్లకు జాడ తెలుపు పరికరములు తగిలించిరి. మోసపు పత్రములిచ్చిన స్థాపకురాలికి 2014లో పదునాఱేండ్లకు పైగా శిక్ష పడినది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమో, ప్రభుత్వమే వలగా పన్నిన బూటకపు సంస్థ. అచ్చట ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. 2019 జనవరిలో తొలుత పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. వారికి పత్రములున్నవి, చదువు లేదు.

2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము “డి/ఎస్” పద్ధతిని తీసివైచి, నాలుగేండ్లకు మించని తేదీ నిర్ణయింపవలయుననియు, 60 దినముల వ్యవధిని 30కి తగ్గింపవలయుననియు ప్రతిపాదించినది. కావున ప్రయాణమునకు పూర్వము ఆనాటి నిబంధనను కళాశాలవారిని అడిగి తెలిసికొనుట మేలు. బ్రోకరు మాట చాలదు.

పిల్లవానితో మాటలాడునపుడు జీతమెంతయని మొదట అడుగకుడు. ఈ సెమిస్టరున పూర్తి పాఠములు తీసికొంటివా? ఐ-20లో ముగింపు తేదీ యెన్నడు? చదువు ఆలస్యమైనచో ఆ తేదీకి ముందే పొడిగింపు కోరితివా? ఈ మూడును అడుగుడు. పొలము తాకట్టున నున్నదను భయమున పిల్లవాడు తప్పిన పరీక్షను, పోయిన ఉద్యోగమును ఇంట చెప్పక దాచును. దాచిన ఆ దినములలోనే గడువు జరిగిపోవును. ఏమి జరిగినను మాతో చెప్పుము, ఇల్లు నీది, తిరిగి రావచ్చును, అని పయనమునాడే వానికి చెప్పి పంపుడు. అప్పు ఆలస్యముగనైనను తీరును.