పగడానికి ఎంత వెలుగు కావాలి?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి చెప్పవలసినవారు చెప్పారు. నన్ను అమెరికా ప్రయాణ విశేషాలు చెప్పమన్నారు. జలపాతాలూ ఆకాశహర్మ్యాలూ మీలో చాలామంది చూసే వుంటారు. అందుచేత అక్కడ మా మనవరాలు పెంచే చిన్న ఉప్పునీటి తొట్టె గురించి, అందులో నేను చేసిన తప్పు గురించి చెబుతాను.

సుమారు 75 లీటర్ల గాజు తొట్టె. రెండు చేపలు, నాలుగైదు పగడాలు. పగడమంటే మనకు ఉంగరంలోని ఎర్రరాయే గుర్తొస్తుంది. అది వెలుతురు తక్కువగా వుండేచోట పెరిగే వేరే జాతి. ఈ తొట్టెలోని పగడాల ఒంట్లో మాత్రం కంటికి కనిపించనంత సన్నని నాచు కాపురముంటుంది. అది వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికీ పెడుతుంది. కనుక తొట్టె మీది దీపం అలంకారం కాదు, పగడానికి అన్నం.

పాత దీపం పాడైతే కొత్తది ఎంచే పని నాకు అప్పగించారు. కంపారెటివ్ స్టేట్‌మెంట్ రాయడం నాకు కొత్త కాదు గదా! మెటల్ హాలైడ్ దీపం బాగా వేడెక్కుతుంది. చిన్న తొట్టెలో నీరు త్వరగా ఆవిరై, ఉప్పదనం పెరుగుతుంది. టి-5 ట్యూబులు వెలుగును సమంగా పరుస్తాయి కాని, చూపుకి బాగానే వున్నా లోలోపల బలం తగ్గుతుంది, ఏడాదికోసారైనా మార్చాలి. ఎల్.ఇ.డి. ధర ఎక్కువైనా కరెంటు తక్కువ, వెలుగు తగ్గించుకోవచ్చు. దానికే సిఫారసు చేశాను.

వాట్లు చూసి కొనకూడదని మనవరాలు చెప్పింది. అవి కరెంటు ఖర్చునే చెబుతాయి. నాచుకు పనికొచ్చే వెలుగును 'పార్' అనే కొలతతో చూస్తారు. పుట్టగొడుగు పగడానికి 50 నుంచి 100, సుత్తి పగడానికి 100 అటూ ఇటూ చాలు. కొమ్మలు వేసే రాతి పగడాలకు 200 పైన కావాలి. మీటరు ఎరువు తెచ్చి కొలిచి, దీపాన్ని 35 శాతం దగ్గర పెట్టింది.

తర్వాత వాళ్లు వారం రోజులు ఊరెళ్లారు. నీలి వెలుగు నా కంటికి మసకగా తోచింది. పాపం, పస్తులుంటున్నాయనుకుని పూర్తిగా పెంచేశాను. మూడో రోజుకి సుత్తి పగడం ముడుచుకుంది. వాళ్లు వచ్చేసరికి తెల్లగా పాలిపోయింది.

మన కన్ను పసుపు, ఆకుపచ్చలను బాగా పట్టుకుంటుంది, నీలాన్ని అంతగా పట్టుకోలేదు. నాచుకు కావలసింది ఆ నీలమే. అది హఠాత్తుగా ఎక్కువైతే నాచు విషతుల్యమవుతుంది, పగడం దాన్ని బయటికి నెట్టేస్తుంది. 1998లో లక్షద్వీప్ పగడాలు తెల్లబడింది సముద్రం వేడెక్కినందువల్ల.

మనవరాలు కోప్పడలేదు. "తాతయ్యా, చీకటి నీ కంటికి, దానికి కాదు" అన్నది. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

తెల్లబడినంత మాత్రాన చచ్చినట్టు కాదట. వెలుగు తగ్గించి, పగడాన్ని అడుగున నీడలోకి మార్చింది. తర్వాత మన ఇంక్రిమెంటులాగా వారానికి కొద్దికొద్దిగా పెంచింది. రోజుకు ఎనిమిది గంటలే వెలిగేలా టైమరు పెట్టింది. ఆరు తలల్లో నాలుగు కోలుకున్నాయి, రెండు పోయాయి.

ఒక హెచ్చరిక. మన దేశంలో రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో వున్నాయి. పట్టడం, అమ్మడం, కొనడం నేరం. పిల్లలు సరదా పడితే చేపలతో సరిపెట్టండి.

ఇప్పుడు ఫోనులో మనవరాలు ముందుగా తొట్టె చూపిస్తుంది. నాలుగు తలలూ లెక్కపెట్టుకున్నాకే "ఎలా వున్నావమ్మా?" అని అడుగుతాను.