రాతిలోని కత్తి, మెర్లిన్ చెప్పిన చదువు



స్మారకోపన్యాసానికి పిల్లల సినిమా ఏమిటని కార్యదర్శిగారు మొహమాటపడుతూనే అడిగారు. ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారుంటే అడిగేవారు కారు. చెప్పిన చదువు ఎక్కడ అక్కరకొస్తుందన్న ప్రశ్నను ఆయన ఎన్నడూ వదల్లేదు. ‘ది స్వోర్డ్ ఇన్ ది స్టోన్’ మీద రావలసిన అసలు విమర్శ కూడా అదేనని నా వాదన.

1963 క్రిస్మస్‌కు అమెరికాలో విడుదలైన డిస్నీ బొమ్మ ఇది. వాల్ట్ డిస్నీ బతికుండగా తెరకెక్కిన చివరి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం. 1938లో టి. హెచ్. వైట్ రాసిన నవల ఆధారంగా బిల్ పీట్ కథ అల్లితే వుల్ఫ్‌గ్యాంగ్ రైథర్‌మన్ దర్శకత్వం వహించాడు. ఆర్థర్ ఇంకా రాజు కాలేదు; పెంపుడింట్లో అంట్లు తోముకునే ‘వార్ట్’. వాడికి గురువు మాంత్రికుడు మెర్లిన్.

ఐతిహ్యానికుండే గాంభీర్యం లేదనీ, అంతా అమెరికన్ వేళాకోళమేననీ ఒక నింద ఉంది. నేనొప్పుకోను. కాలంలో వెనక్కి నడిచే మెర్లిన్‌ను సృష్టించిన వైట్ నవలే పెద్ద వేళాకోళం. కథ ముక్కలుముక్కలుగా ఉందన్నది మాత్రం నిజం. మెర్లిన్ పాఠాల్లో కుర్రాడు చేపవుతాడు, ఉడుతవుతాడు, పిట్టవుతాడు. ఒకదాని వెంట ఒకటి ఎందుకు వచ్చిందో తెలియదు. పైగా వార్ట్‌కు ముగ్గురు పిల్లలు గొంతునిచ్చారు, అందులో ఇద్దరు దర్శకుడి కొడుకులే. ఆ అతుకులు చెవికి తెలిసిపోతాయి.

అందరూ మెచ్చేది మెర్లిన్‌కూ మంత్రగత్తె మేడమ్ మిమ్‌కూ జరిగే మాయల పోటీ. మాయల ఫకీరు కథలు విన్న మనకూ అది వెంటనే పట్టుబడుతుంది. ఏ జంతువుగా మారినా సరే, మెర్లిన్ తన నీలం వదలడు, మిమ్ తన గులాబీ ఊదా వదలదు. అందుకే ఎంత వేగంగా మారినా ఎవరెవరో తికమక ఉండదు. వాల్రస్ మీదికి ఏనుగు, ఏనుగు మీదికి ఎలుక. చివరికి మిమ్ నియమం తప్పి డ్రాగన్ అయితే, మెర్లిన్ కంటికి కనపడని రోగక్రిమి అయి దాన్ని మంచాన పడేస్తాడు. మూలానికి కట్టుబడలేదని గొణిగేవాళ్లకు ఒక మాట: 1958 నాటి కూర్పులో వైట్ తనే మిమ్‌ను తీసేశాడు. ఏ మూలానికి కట్టుబడాలి?

నాకు అంతకన్నా విలువైంది ఉడుతల ఘట్టం. ఆడ ఉడుత వార్ట్‌ను ప్రేమిస్తుంది. వాడు తిరిగి మనిషయ్యేసరికి దానికేమీ అర్థం కాదు, ఏడుస్తుంది. ఓదార్పుపాట లేదు.

అసలు లోపం, లాగినవాడే రాజయ్యే ఆ రాతిలోని కత్తి దగ్గర ఉంది. నవలలో వార్ట్ కత్తి మీద చెయ్యి వేయగానే, వాడికి పాఠం చెప్పిన జీవాలన్నీ చుట్టూ చేరి, నేర్పింది గుర్తుచేస్తాయి. అప్పుడు కత్తి వస్తుంది. సినిమాలో ఆ జీవాలు లేవు. సత్రంలో మరిచిన, పెంపుడన్న కే కత్తికి బదులుగా కుర్రాడు రాతిలోది లాగుతాడు, ఆకాశం నుంచి వెలుగు పడుతుంది, అంతే. గురువు అప్పటికే అలిగి బెర్ముడాకు పోయాడు. బుద్ధి బలాన్ని గెలుస్తుందని గంటసేపు చెప్పి, సింహాసనం మాత్రం నుదుటిరాతతో ఇచ్చేశారు.

తర్వాత కిరీటం తలకు పెద్దదైపోయి, పారిపోదామని ఆ పిల్లరాజు ఏ తలుపు తీసినా బయట జనం జేజేలు. భయపడే రాజును చూపడం డిస్నీ చేసిన మంచి పని. కానీ నేర్చుకున్న పాఠాల్లో ఒక్కటీ వాడికక్కడ గుర్తురాదేమన్నది కథ అల్లినవాళ్లకు తట్టినట్టు లేదు.